యుద్ధం చూసింది తెర మీదే, మరి నిద్ర ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న:

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెటూరు. నా వయసు 34, హైదరాబాద్‌లో ఉద్యోగం. మా నాన్నగారు మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. 1987లో శాంతి సేనతో శ్రీలంక వెళ్ళారు. అప్పటికి మా అక్క రెండేళ్ళ పిల్ల, నేనింకా పుట్టలేదు. అక్కడ ఏం జరిగిందో ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. దీపావళి రాత్రి మాత్రం లోపలి గదిలో తలుపు వేసుకుని పడుకుంటారు.

మూడు వారాల క్రితం ఇంటికి వెళ్ళినప్పుడు ‘రెస్ట్రెపో’ అనే డాక్యుమెంటరీ పెట్టాను. అఫ్గానిస్థాన్‌లో అమెరికా సైనికుల మీద తీసింది. నాన్నకి నచ్చుతుందనుకున్నాను. సగానికి పైగా కదలకుండా చూశారు. తమ సార్జెంట్ చనిపోయాడని తెలిసి ఒక కుర్రాడు కుప్పకూలి ఏడుస్తాడు, అక్కడ లేచి డాబా మీదికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఆయన పడుకోలేదట. “ఎందుకు పెట్టావురా అది” అని అమ్మ తిట్టింది.

మిగతాది నేనొక్కణ్ణే చూశాను. అప్పట్నుంచి నాకూ నిద్ర సరిగ్గా లేదు. లిఫ్టు తలుపు గట్టిగా పడినా ఉలిక్కిపడుతున్నాను. సిగ్గు విడిచి ఇంకో మాట రాస్తున్నాను. కాల్పులు జరిగేటప్పుడు నాకు భయం కన్నా హుషారే ఎక్కువ కలిగింది. సైనికుడు చనిపోతే ఏడ్చాను. బాంబు దాడిలో దెబ్బలు తగిలిన ఆ ఊరి పిల్లల్ని చూపిస్తే ఏడుపు రాలేదు. నేనేం మనిషిని? “సినిమా చూసి ఇంత టెన్షన్ ఏంటి” అంటోంది మా ఆవిడ. నాకు పీటీఎస్‌డీ (ఘోరమైనదాన్ని అనుభవించినవాళ్ళకి వచ్చే మానసిక జబ్బు) లాంటిది వచ్చిందా? నాన్నని కూర్చోబెట్టి అడిగేస్తే ఇద్దరికీ తేలికవుతుందా? మా అక్క కొడుకు అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాడు. వాడికి ఇది చూపించమంటారా?

— పేరు వద్దు, పశ్చిమ గోదావరి

జవాబు:

మీరు మామూలు మనిషే. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది వేరే ఉంది. మీ బాధనీ, నాన్నగారి బాధనీ ఒకే మూటలో కట్టేశారు. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నా మీ ఇద్దరికీ జరిగింది ఒకటి కాదు. మీరు ఎన్నడూ ఎరగనిదాన్ని మొదటిసారి చూశారు. ఆయన తనకు తెలిసినదాన్ని ముప్పై ఏడెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. మీకు పనికొచ్చేది ఆయనకి పనికిరాకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు నిద్ర పట్టడం కోసం ఆయన నోరు విప్పాల్సిన పని లేదు. “ఇద్దరికీ తేలికవుతుందా” అన్న మీ మాట దగ్గర నేను ఆగిపోయింది అందుకే.

ముందు మీ సంగతి చూద్దాం.

ఆ సినిమా ఎవరినైనా కుదిపేస్తుంది. 2007–08లో కునార్ రాష్ట్రంలోని కోరెంగల్ లోయకి 15 నెలల డ్యూటీ మీద వెళ్ళిన ఒక అమెరికన్ ప్లటూన్‌తో సెబాస్టియన్ యుంగర్, టిమ్ హెథరింగ్టన్ విడతలు విడతలుగా వెళ్ళి ఉండి తీశారు. అందులో వ్యాఖ్యానం చెప్పే గొంతు లేదు. రాజకీయ నాయకుల ఇంటర్వ్యూలు లేవు. ఈ యుద్ధం ఎందుకు జరుగుతోందో, ఎవరిది తప్పో ఎవరూ చెప్పరు. మనల్ని తీసుకెళ్ళి ఆ కొండ మీద మట్టి సంచుల పోస్టులో ఆ కుర్రాళ్ళ మధ్య వదిలేస్తారు. ఆ పోస్టుకి పెట్టింది మొదట్లోనే చనిపోయిన తమ మెడిక్, అంటే గాయపడ్డవాళ్ళకి వైద్యం చేసే సైనికుడు, హువాన్ రెస్ట్రెపో పేరు. సినిమా మొదట్లో అతను రైల్లో తోటివాళ్ళతో కేరింతలు కొడుతూ కనిపిస్తాడు. అతను పోయాడని తెలిశాక తెర మీద ఎవరు నవ్వినా, వీడైనా మిగులుతాడా అని మనకి గుండె బిగబడుతుంది. మధ్యలో వచ్చే ఇంటర్వ్యూలు వాళ్ళు ఆ లోయ నుంచి బయటపడ్డాక ఇటలీలో తీసినవి. నల్లటి తెర ముందు మొహం ఒక్కటే ఉంటుంది. నాలుగైదు రకాల నిద్రమాత్రలు వాడినా ఏదీ పనిచేయలేదనీ, కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది కాబట్టి నిద్ర పోకపోవడమే నయమనీ ఒకతను నవ్వుతూనే చెబుతాడు. కాల్పులన్నిటికన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది.

మనం అలవాటుపడ్డ యుద్ధ సినిమాల్లో నేపథ్య సంగీతం ఉంటుంది, ఎప్పుడు భయపడాలో ఎప్పుడు ఊపిరి పీల్చుకోవాలో అది చెబుతుంది. ఆఖర్లో జెండా ఎగురుతుంది, మనం తేలికపడి లేస్తాం. ఇందులో అవేవీ లేవు కాబట్టి మీరు బిగబట్టిన ఊపిరి బిగబట్టినట్టే ఇంటికి వచ్చింది. లిఫ్టు తలుపుకి ఉలిక్కిపడడం అందులో భాగమే.

చూసిన దృశ్యాలు మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకి రావడం పరిశోధకులకి బాగా తెలిసిన విషయం. గాయపు జ్ఞాపకాలు ఎలా ఏర్పడతాయో తెలుసుకోవడానికి వాళ్ళు వాడే పద్ధతుల్లో ఒకటి ఇదే: ఘోరమైన దృశ్యాలున్న సినిమా ముక్కలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చూపించి, తర్వాత వారం రోజులు అవి ఎన్నిసార్లు గుర్తొచ్చాయో రాయమంటారు. చాలామందికి వస్తాయి, రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి. 2009లో బ్రిటన్‌లో ఎమిలీ హోమ్స్ బృందం ఒక అడుగు ముందుకేసింది. సినిమా చూసిన అరగంటకి కొంతమందితో టెట్రిస్ అనే, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే వీడియో ఆట ఆడించారు. ఆడినవాళ్ళకి ఆ వారంలో దృశ్యాలు తక్కువసార్లు గుర్తొచ్చాయి. కళ్ళకీ చేతులకీ పని చెబితే ఆ బొమ్మలు మనసులో గట్టిగా నాటుకోవడానికి చోటు తగ్గుతుందన్నది వాళ్ళ ఆలోచన. ఇప్పుడు మూడు వారాలు గడిచాయి కాబట్టి అదే ఆట అంతే పని చేస్తుందని నేను చెప్పను. కానీ పడుకోబోయే ముందు ఫోన్లో వార్తలు తిప్పడం కన్నా, కూరగాయలు తరగడమో బట్టలు మడతపెట్టడమో చాలా మేలు.

పీటీఎస్‌డీ గురించి అడిగారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆ పేరుని తన జబ్బుల పట్టికలో చేర్చింది 1980లో. వియత్నాం నుంచి వచ్చిన సైనికులు, వాళ్ళతో నిలబడ్డ వైద్యులు పట్టుబట్టిన తర్వాతే అది జరిగింది. 2013లో ఆ పట్టికని తిరగరాసినప్పుడు, టీవీలోనో సినిమాలోనో చూసినదాన్ని, అది ఉద్యోగంలో భాగమైతే తప్ప, ఈ జబ్బుకి కారణంగా లెక్కించకూడదని స్పష్టంగా రాశారు. కాబట్టి మీకు వచ్చినదాన్ని ఆ పేరుతో పిలవక్కర్లేదు. అలాగని మీ ఆవిడ అన్నట్టు ఇది ఉత్త సినిమా టెన్షన్ అని కొట్టిపారెయ్యనూ లేను. 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు, తర్వాతి వారంలో రోజుకి 6 గంటలు, అంతకన్నా ఎక్కువసేపు ఆ వార్తలే చూసినవాళ్ళలో, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్ళ కన్నా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. తెర మీద చూసినది తెర మీదే ఉండిపోదు.

మీరు రాయలేదు గానీ, ఈ మూడు వారాల్లో ఆ లోయ గురించీ ఆ సైనికుల గురించీ యూట్యూబ్‌లో ఇంకా వెతికి చూసి ఉంటారని నా అనుమానం. ఒకటి చూస్తే అది ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది. అలా చూస్తుంటే ఇవాళ్టి నుంచి ఆపండి. తెలుసుకోవాలనిపిస్తే పగటిపూట చదవండి. చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో మన చేతిలో ఉంటుంది. మీ ఆవిడకి ఒక సాయంత్రం ఆ సినిమాలో ఏం చూశారో మొదటి నుంచి చివరి దాకా మాటల్లో చెప్పండి. చూడమనకండి, చెప్పండి చాలు. వరసగా చెప్పుకున్నది మనసులో ఒక కుదురుకి వస్తుంది. ఇంకో రెండు మూడు వారాలకి కూడా నిద్ర ఇలాగే ఉంటే, ఆఫీసు పని దెబ్బతింటుంటే, సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీరు సిగ్గుపడ్డ హుషారు. దాని గురించి నిజాయితీగా రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. చాలామంది భయపడ్డామనే చెబుతారు. ఒంట్లో జరిగేది మాత్రం భయానికైనా ఉత్సాహానికైనా దాదాపు ఒకటే: గుండె దడదడలాడుతుంది, కళ్ళు విప్పారతాయి, చేతులు చెమటపడతాయి. దానికి ఏ పేరు పెట్టుకుంటామన్నది మన అలవాటుని బట్టి ఉంటుంది. తుపాకీ పేలితే ఈల వెయ్యడానికి మనం చిన్నప్పట్నుంచి థియేటర్లలో అలవాటుపడ్డాం. ఆ డాక్యుమెంటరీలో ఉన్న కుర్రాళ్ళకి కూడా అదే కలిగింది. కాల్పుల్లో వచ్చే కిక్కు మత్తుమందు లాంటిదని, దాన్ని మించినది లేదని ఒకతను చెబుతాడు. మరి మామూలు బతుకులోకి ఎలా వెళ్తావు అంటే, తెలియదంటాడు. ఆ “తెలియదు” వింటే అతని మీద కోపం రాదు, అతని కోసం దిగులేస్తుంది. మీకు హుషారు వచ్చింది, వెంటనే సిగ్గూ వచ్చింది. మనసు సరిగ్గానే పని చేస్తోందన్నమాట. ఆ హుషారు కోసమే మళ్ళీ కాల్పుల వీడియోలు వెతుక్కుంటూ పోతే అప్పుడు నాకు రాయండి.

ఇందులో మీ నాన్నగారికి సంబంధించినది కూడా ఒకటి ఉంది. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు భయపడ్డామని అయినా ఎప్పుడో ఒకప్పుడు చెబుతారు గానీ, ఆ క్షణంలో బాగా అనిపించిందని చెప్పడం వాళ్ళకి చాలా కష్టం. ఆయనా అప్పుడు పాతికేళ్ళ కుర్రాడే. ఎప్పుడైనా ఆయన నోటి నుంచి అలాంటి మాట వస్తే మీరు మొహం చిట్లించకుండా ఉండగలగాలి. మీకూ సోఫాలో కూర్చుని అదే కలిగిందని గుర్తుంటే అది కుదురుతుంది.

పిల్లల్ని చూసి ఏడుపు రాలేదన్న మాటకి రెండు జవాబులు చెప్పాలి. మొదటిది కెమెరా. సినిమా అంతా అది సైనికుల పక్కనే ఉంటుంది. వాళ్ళ పేర్లు, జోకులు, ఒంటి మీది పచ్చబొట్లు కూడా మనకి తెలుస్తాయి. ఆ లోయ మనుషులు మాత్రం ఎవరో గడ్డాల పెద్దమనుషులుగా, అరుగు మీద కూర్చున్న పిల్లలుగా వచ్చి పోతారు. వాళ్ళ ఇళ్ళలో వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో మనం ఒక్కసారి కూడా వినం. పేరు తెలియని మనిషి కోసం కన్నీళ్ళు రావడం కష్టం. ఇది మీలో లోపం అననుగానీ, దీన్ని సరిచేసుకోవడం మన చేతిలోనే ఉంది. ఆ సైన్యం రాకముందు కోరెంగల్ వాళ్ళ బతుకుతెరువు దేవదారు కలప. అమెరికన్ల ప్రధాన స్థావరం వెలిసింది ఒక రంపపు మిల్లు ఉన్న చోట. ఊరి కలప వ్యాపారం కూలిపోయింది, ఆ కోపంలో ఎంతోమంది తుపాకీ పట్టారు. సినిమాలో ఒక ఆవు గొడవ ఉంది, గుర్తుందా? ముళ్ళకంచెలో చిక్కుకున్న ఆవుని సైనికులు చంపేస్తారు. ఊరి పెద్దలు వచ్చి డబ్బు అడుగుతారు. డబ్బు ఇవ్వం, ఆవు బరువుకి సరిపడా బియ్యం, చిక్కుళ్ళు, పంచదార ఇస్తాం అంటారు వీళ్ళు. ఆ సీను దగ్గర చాలామంది నవ్వుతారు. పశ్చిమ గోదావరిలో పుట్టినవాళ్ళు ఆ పెద్దల వైపు నుంచి ఆ సీను చూడగలరు. పాడి పశువు పోతే ఇంటికి ఏమవుతుందో మీకు తెలుసు. ఆ దారి పట్టుకుని వెళ్తే ఆ పిల్లల దగ్గరికి కూడా వెళ్ళగలరు.

రెండో జవాబు నా ఊహ మాత్రమే, తప్పనిపిస్తే వదిలెయ్యండి. మీరు ఆ సినిమా అంతా ఆ సైనికుల మొహాల్లో నాన్నగారి కోసం వెతుక్కున్నారు. ఇంట్లో ఎప్పుడూ వినని కథ అక్కడ ఎవరో చెబుతున్నట్టు చూశారు. సార్జెంట్ రోగుల్ చనిపోయిన చోట ఆయన లేచి వెళ్ళిపోయారు, మీకు కన్నీళ్ళు వచ్చాయి. ఆ కన్నీళ్ళలో సగం డాబా మీద ఒంటరిగా నిలబడ్డ మనిషి కోసం అయ్యుండాలి.

ఇప్పుడు ఆయన సంగతి.

ఆయన వెళ్ళిన యుద్ధానికీ మీరు చూసిన యుద్ధానికీ పోలికలు ఉన్నాయి, తేడాలూ ఉన్నాయి. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన జవాన్లు అక్కడ దిగింది శ్రీలంక ప్రభుత్వానికీ, ఎల్టీటీఈ లాంటి తమిళ సాయుధ దళాలకీ మధ్య శాంతి కాపాడడానికి. జాఫ్నాలో తమిళులు పూలదండలతో ఎదురొచ్చారు. అక్టోబరు వచ్చేసరికి అవే ఊళ్ళలో, అవే తాటితోపుల మధ్య ఎల్టీటీఈతో పోరు మొదలైంది. రోడ్డు కింద మందుపాతర ఉందో లేదో తెలియదు. ఎదుటివాడికి యూనిఫాం లేదు. మద్రాస్ రెజిమెంట్‌లో తమిళులతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసిన మీ నాన్నగారికి తమిళం అర్థమయ్యే ఉంటుంది. అంటే సోదా చేస్తున్న ఇంట్లో ఒక తల్లి ఏమని ఏడుస్తోందో, ఏమని శపిస్తోందో కూడా ఆయన చెవికి తెలుస్తుంది. కోరెంగల్‌లో ఆ అమెరికన్ కుర్రాళ్ళకి ఆ భారం లేదు, వాళ్ళకి మధ్యలో దుబాసీ ఉన్నాడు.

ఆ అక్టోబరులో సామాన్య జనం కూడా చనిపోయారు. జాఫ్నా ఆస్పత్రిలో మన సైన్యం కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయిన సంగతి చరిత్రలో నమోదై ఉంది. మీ నాన్నగారు అక్కడ ఉన్నారని నేను అనడం లేదు, ఆయన ఏం చేశారో ఏం చూశారో నాకూ మీకూ తెలియదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, సైనికుడి మౌనం వెనక ఎప్పుడూ భయమే ఉంటుందని అనుకోకండి. జోనథన్ షే అనే సైకియాట్రిస్ట్ వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికన్ సైనికులకి ఏళ్ళ తరబడి వైద్యం చేసి, మనస్సాక్షికి తగిలే గాయం వేరే ఉంటుందని చెప్పాడు. చెయ్యకూడనిది చెయ్యాల్సి రావడం, ఆపాల్సినదాన్ని ఆపలేకపోవడం, పైవాళ్ళు మోసం చేశారనిపించడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. అలాంటి గాయం ఉన్న మనిషికి “మీరు హీరో నాన్నా” అన్న మాట కూడా గుచ్చుకుంటుంది.

తిరిగొచ్చాక వాళ్ళకి దొరికింది ఏమిటి? దాదాపు 1,200 మంది మన జవాన్లు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగితే అప్పటి ముఖ్యమంత్రి స్వాగతం చెప్పడానికి వెళ్ళలేదు. గెలిచి వచ్చారని ఎవరూ అనలేదు. కార్గిల్‌కి జూలై 26 ఉంది, ఊరూరా జెండా ఎగరేస్తారు, స్కూళ్ళలో ఉపన్యాసాలు ఉంటాయి. ఆయన యుద్ధానికి అలా అందరికీ గుర్తుండే రోజు లేదు. అడిగేవాళ్ళు లేనప్పుడు చెప్పేవాళ్ళూ ఉండరు. అలా ఏళ్ళు గడిచాక, చెప్పకపోవడమే ఆయన ఈ ఇంటిని కాపాడుకునే పద్ధతి అయిపోయి ఉంటుంది.

అందుకని కూర్చోబెట్టి అడగకండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు, పొలం గట్టు మీదో బండి మీదో పక్కపక్కన ఉన్నప్పుడు, “నాన్నా, ఆ రోజు అది పెట్టేముందు మిమ్మల్ని అడగాల్సింది” అని ఒక్క మాట అనండి. దాని వెనక ప్రశ్న తగిలించకండి. ఆయన “సరేలే” అని వేరే మాటలోకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి. మీకు వినే ఉద్దేశం ఉందని ఆయనకి తెలిస్తే ఈ విడతకి అది చాలు.

మాట్లాడితే వినండి. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టినా వినండి. ఫోన్ తీసి రికార్డు చెయ్యకండి, ఇంట్లో అందర్నీ పిలవకండి. ఎంతమందిని కాల్చారని ఎప్పటికీ అడగకండి. అది తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు. “దేశం కోసమే కదా” అని సర్దిచెప్పబోకండి, అక్కడితో మాట ఆగిపోతుంది. అడగాలనిపిస్తే మనుషుల గురించి అడగండి. మీ బ్యారక్‌లో మన తెలుగువాళ్ళు ఎవరుండేవారు, ఎవరు బాగా వండేవారు, ఎవరైనా ఇప్పటికీ ఫోన్ చేస్తారా అని. అదే పల్టన్‌లో చేసిన మనిషి ఎవరైనా గుంటూరులోనో శ్రీకాకుళంలోనో ఉన్నట్టు తెలిస్తే, కారులో తీసుకెళ్ళి దింపి మీరు బయట టీ తాగి రండి. ఆయన మీతో మాట్లాడలేనిది వాళ్ళతో మాట్లాడగలరు. ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో శ్రీలంకలో పోయిన జవాన్ల పేర్లు కూడా రాతి పలకల మీద చెక్కారు. ఎప్పుడైనా వెళ్దామా అని అడిగి చూడండి. వద్దంటే మళ్ళీ ఎత్తకండి.

అమ్మగారి తిట్టు మీకు బాధగా తోచినట్టుంది. ఆవిడ వైపు నుంచి చూడండి. చంకలో రెండేళ్ళ పిల్ల, ఊళ్ళో ఫోన్ లేని రోజులు, రేడియోలో జాఫ్నా పేరు వినిపించినప్పుడల్లా గుండె ఆగినంత పని. మళ్ళీ ఉత్తరం వచ్చేదాకా మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఆయన తిరిగొచ్చాక రాత్రిళ్ళు ఆయన పక్కన మెలకువగా ఉన్నదీ ఆవిడే. ఆ రెండేళ్ళ గురించి ఆవిడని కూడా ఎవరూ అడిగి ఉండరు. నిజానికి మీరు అడగాల్సింది ముందు ఆవిడని. నాన్నగారి రహస్యాలు రాబట్టడానికి మాత్రం కాదు, ఆవిడ ఎలా గడిపారో తెలుసుకోవడానికి.

దీపావళికి చిన్న ఏర్పాటు చేసుకోవచ్చు. ఎదురుచూసే చప్పుడు కన్నా హఠాత్తుగా వచ్చే చప్పుడు ఎక్కువ హాని చేస్తుంది. పిల్లలకి చెప్పి మీ వాకిట్లో బాంబులు మానిపించండి, మతాబులు, చిచ్చుబుడ్లు చాలు. పక్కింటివాళ్ళు ఎప్పుడు మొదలుపెడతారో ఆయనకి ముందే చెప్పండి. గదిలోకి వెళ్తే వెళ్ళనివ్వండి. లోపల టీవీయో పాటలో పెట్టుకుంటారేమో అడగండి. బయటికి రమ్మని లాగకండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆగకూడదు. ఆ రాత్రి తర్వాత కూడా ఆయనకి వరసగా నిద్ర లేకపోవడం, నిద్రలో అరవడం, మిలటరీ క్యాంటీన్‌లో ఇచ్చే మద్యం కోటా నెలాఖరు దాకా రాకుండా అయిపోవడం, చిన్నదానికి పెద్ద కోపం, మనుషుల్ని తప్పించుకోవడం. ఈ వయసులో కొత్తగా ఇవి పెరగడం కూడా ఉంటుంది, ఎందుకంటే పని, పిల్లల పెంపకం అనే ధ్యాస అయిపోయి మనసు ఖాళీ అవుతుంది. ఆయనకి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళి సైకియాట్రిస్ట్‌కి రాయించుకోవచ్చు. “మెంటల్ డాక్టర్ దగ్గరికి” అంటే రారేమో, నిద్ర కోసం అంటే వస్తారు, అది అబద్ధం కూడా కాదు. నేనుండి ఏం లాభం అన్న తరహా మాట ఒక్కసారి విన్నా ఆ రోజే తీసుకెళ్ళండి. ఒంటరిగా వదలకండి.

మేనల్లుడి విషయం. మీ దగ్గరి మిలటరీ మాధవరంలోలాగా తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపే నేల మీది. తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాణ్ణి చూసి అందరూ మెచ్చుకుంటారు. తిరిగొచ్చాక రాత్రిళ్ళు ఎలా ఉంటాయో మాత్రం ఎవరూ చెప్పరు. మీ నాన్నగారు వచ్చాక కూడా పల్టన్ ఉంది, తోటివాళ్ళు ఉన్నారు, ఆ తర్వాత పింఛను ఉంది. అగ్నివీర్‌గా వెళ్ళినవాళ్ళలో 25 శాతం దాకానే కొనసాగిస్తారు, మిగతావాళ్ళు నాలుగేళ్ళకి పింఛను లేకుండా ఇంటికి వచ్చేస్తారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే యుద్ధం చూసి వచ్చిన కుర్రాడు మీ ఊళ్ళో ఎవరితో మాట్లాడతాడన్నది ఇప్పుడే ఆలోచించుకోవాల్సిన విషయం.

కాబట్టి అతను చూస్తానంటే చూపించండి. సైన్యం మీద మనసు విరిచెయ్యడానికో, ఇంకా ఎక్కించడానికో అయితే వద్దు. పగలు, హైదరాబాద్‌లో మీ ఇంట్లో, పక్కన కూర్చుని చూపించండి. మధ్యలో ఆపి మాట్లాడుకోండి. హుషారు వచ్చిందా అని అడగండి, మీకు వచ్చిందని చెప్పండి. ఆ సైన్యం 2010 ఏప్రిల్‌లో ఆ లోయని వదిలేసి వెళ్ళిపోయిందనీ, దాదాపు 50 మంది అమెరికన్ సైనికులు అక్కడ పోయారనీ సినిమా చివర్లో వస్తుంది. అంతమంది పోయిన చోటుని వదిలెయ్యడం గురించి ఏమనుకుంటున్నాడో అడగండి.

తర్వాత అతను తాతయ్య దగ్గరికి వెళ్ళి ఏదైనా అడగొచ్చు. వెళ్ళనివ్వండి, మీరు వెంట వెళ్ళకండి. కొడుక్కి చెప్పలేనిది, తను వెళ్ళిన చోటికే వెళ్ళబోతున్న మనవడికి చెప్పే పెద్దవాళ్ళు ఉంటారు. ఏం చెప్పారని తర్వాత కుర్రాణ్ణి గుచ్చి గుచ్చి అడగొద్దు.